ఫిజీ, సమోవా, టోంగా: ఆటగాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారు?

అధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, వ్యాయామ విద్య చదువుతున్న విద్యార్థులందరికీ నమస్కారం.

ఈరోజు పసిఫిక్ మహాసముద్రంలోని మూడు చిన్న దేశాల రగ్బీ గురించి మాట్లాడతాను. ఫిజీ జనాభా 9 లక్షల పైచిలుకు. సమోవాలో 2 లక్షలకు కాస్త ఎక్కువ. టోంగాలో దాదాపు లక్ష. మూడు దేశాలనూ కలిపినా మన విశాఖపట్నం నగరమంత జనం ఉండరు.

అయినా వాళ్లు సాధించింది చూడండి. 1991 ప్రపంచకప్‌లో సమోవా కార్డిఫ్ వెళ్లి వేల్స్‌ను 16-13తో ఓడించింది. 2011లో టోంగా 19-14తో ఫ్రాన్స్‌ను ఓడించింది. ఆ ఫ్రాన్సే తర్వాత ఫైనల్ దాకా వెళ్లింది. 2016 రియో ఒలింపిక్స్‌లో సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ, ఫైనల్లో ఫిజీ 43-7తో బ్రిటన్‌ను చిత్తు చేసింది. ఒలింపిక్స్‌లో ఆ దేశానికి వచ్చిన మొట్టమొదటి పతకం అదే, అదీ స్వర్ణం. ఆ సంతోషంలో ప్రభుత్వం ఏకంగా 7 డాలర్ల నోటు విడుదల చేసింది. టోక్యోలోనూ స్వర్ణం వాళ్లదే. 2023 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియాను 22-15తో ఓడించారు.

కాబట్టి అక్కడ ప్రతిభకు లోటు లేదు. పిల్లలు ఊరి మైదానంలో, సముద్రం ఒడ్డున ఇసుకలో ఆడుతూనే పెరుగుతారు. ఆ ప్రతిభను తమ దేశంలో నిలుపుకోవడమే వాళ్లకు కష్టంగా ఉంది. దీనికి ఆటగాళ్ల డబ్బాశే కారణం అనేవాళ్లున్నారు. ఆ మాటతో నేను ఏమాత్రం ఏకీభవించను.

ముందు కుర్రాళ్లు ఎలా వెళ్తారో చూద్దాం. పదహారు, పదిహేడేళ్ల వయసులో బాగా ఆడే అబ్బాయికి న్యూజీలాండ్ స్కూలు నుంచి స్కాలర్‌షిప్ వస్తుంది, లేదా ఫ్రాన్స్ క్లబ్ నుంచి పిలుపొస్తుంది. ఫ్రాన్స్ లీగ్‌లో ఒక నిబంధన ఉంది. ప్రతి జట్టులో ఫ్రాన్స్‌లో శిక్షణ పొందిన ఆటగాళ్లు ఇంతమంది ఉండాలి. పుట్టింది ఎక్కడన్నది లెక్క కాదు. చిన్న వయసులో అక్కడి గుర్తింపు పొందిన అకాడమీలో మూడేళ్లు గడిపితే చాలు, ఆ కోటాలోకి వస్తాడు. అంటే క్లబ్‌కు పాతికేళ్ల ఫిజీ ఆటగాడి కన్నా పదిహేడేళ్ల ఫిజీ కుర్రాడే లాభం. క్లెర్మాంట్ క్లబ్ ఇంకో అడుగు ముందుకేసి ఫిజీలోని నద్రోగా ప్రాంతంలోనే ఒక అకాడమీతో చేతులు కలిపింది. అలా వెళ్లిన నోవా నకైతాచి, అలివెరెతి రాకా ఇద్దరూ చివరికి ఫ్రాన్స్ జాతీయ జట్టుకు ఆడారు.

సమోవాలో ట్యులాగి కుటుంబం సంగతి కూడా చెప్పాలి. అన్నలు సమోవాకు ఆడారు. ఇంగ్లండ్‌లోని లెస్టర్ క్లబ్‌లో ఆడుతూ పేరు తెచ్చుకున్నారు. చిన్న తమ్ముడు మను అక్కడే పెరిగాడు, ఇంగ్లండ్‌కు ఆడాడు. ఇందులో తప్పు పట్టాల్సిన మనిషి ఒక్కడూ లేడు.

ఎందుకంటే, టోంగా జాతీయాదాయంలో 40 శాతం దాకా విదేశాల్లో ఉన్నవాళ్లు పంపే డబ్బే. గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు పంపే డబ్బు మీద నడిచే ఇళ్లు మన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇది మీకు వివరించక్కర్లేదు. ఫ్రాన్స్‌లో ఆడే ఒక కుర్రాడి మీద తల్లిదండ్రులు, తమ్ముళ్ల ఫీజులు, ఊరి చర్చికి ఇవ్వాల్సిన చందా అన్నీ ఆధారపడి ఉంటాయి. ఊరంతా తనవైపే చూస్తోందన్న టెన్షన్, భాష రాని చోట చలిలో ఒంటరితనం, గాయమైతే కాంట్రాక్టు పోతుందన్న భయం. అతన్ని దేశభక్తి లేదని తిట్టడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

జాతీయ జట్టుకు ఆడేందుకు క్లబ్బులు ఆటగాళ్లను వదలాలని నిబంధన ఉంది. కానీ దేశానికి ఆడకుండా ఉంటేనే మంచి కాంట్రాక్టు అని లోపాయికారీగా ఒత్తిడి తెస్తారన్న ఆరోపణ ఏళ్లుగా ఉంది. సమోవా మాజీ ఆటగాడు డాన్ లియో దీని గురించి ధైర్యంగా మాట్లాడుతూ వచ్చాడు.

ఇక అసలు విషయం, డబ్బు. ప్రపంచకప్ బయట జరిగే అంతర్జాతీయ మ్యాచ్‌లలో టికెట్ల ఆదాయం ఆతిథ్య దేశానిదే. లండన్‌లోని ట్వికెన్‌హామ్ స్టేడియంలో 82 వేలమంది పడతారు. సమోవా అక్కడికెళ్లి ఆడితే ఆ స్టేడియం నిండుతుంది, టికెట్ల డబ్బు మాత్రం ఇంగ్లండ్ ఖాతాలోకి పోతుంది. 2017 నవంబరులో సరిగ్గా అలాంటి ఒక మ్యాచ్‌కు ముందే సమోవా రగ్బీ సంఘం దివాలా తీసిందని, దాని అధ్యక్షుడు కూడా అయిన ఆ దేశ ప్రధాని ప్రకటించాడు. ఇంగ్లండ్ ఆటగాళ్లకు ఆ ఒక్క మ్యాచ్‌కు తలా 22 వేల పౌండ్ల దాకా ముడుతుందని, సమోవా ఆటగాళ్లకు సుమారు 650 పౌండ్లేనని అప్పట్లో పత్రికలు రాశాయి. ఇంగ్లండ్ ఆటగాళ్లు తమ ఫీజులోంచి కొంత ఇవ్వడానికి ముందుకొచ్చారని కూడా రాశాయి. వాళ్ల మంచి మనసుకు దండం పెట్టాల్సిందే. కానీ ఎదుటి జట్టు దయ మీద ఒక దేశపు ఆట ఎన్నాళ్లు నడుస్తుంది?

మరి ఆ పెద్ద జట్లు ద్వీపాలకు వచ్చి ఆడొచ్చు కదా? న్యూజీలాండ్ ఆల్ బ్లాక్స్ జట్టు సమోవాలో మొదటిసారి టెస్ట్, అంటే అంతర్జాతీయ మ్యాచ్, ఆడింది 2015లో. ఆ దేశాల మధ్య విమాన ప్రయాణం నాలుగు గంటలు. ఆల్ బ్లాక్స్ జెర్సీ వేసుకున్న సమోవా సంతతి ఆటగాళ్లు తరతరాలుగా ఎందరో ఉన్నా, ఆ ఒక్క మ్యాచ్‌కు అన్ని దశాబ్దాలు పట్టింది.

కొన్ని మార్పులు వచ్చాయి. 2021 నవంబరులో నిబంధన సడలించారు. ఒక దేశానికి ఆడినవాడు మూడేళ్లు అంతర్జాతీయ ఆటకు దూరంగా ఉంటే, తాను గానీ, తల్లిదండ్రుల్లో ఒకరు గానీ, తాత, అమ్మమ్మ, నాయనమ్మల్లో ఒకరు గానీ పుట్టిన దేశానికి ఆడొచ్చు. అలా మలకాయ్ ఫెకిటోవా, చార్లెస్ పియుటావు టోంగాకు, లిమా సొపొవాగా సమోవాకు వచ్చారు. మంచిదే. కానీ కెరీర్ చివర్లో తిరిగొచ్చిన ఆటగాళ్లతో ఒక ప్రపంచకప్ గడుస్తుంది తప్ప కొత్త తరం తయారు కాదు. 2027 ప్రపంచకప్‌కు చివరి బెర్త్ కోసం సమోవా 2025 నవంబరులో దుబాయ్‌లో అర్హత పోటీలు ఆడాల్సి వచ్చింది. బెల్జియంతో 13-13తో డ్రా చేసుకుని గట్టెక్కింది.

నాకు ఆశ కలిగించేది ఫిజియన్ డ్రువా జట్టు. 2022లో సూపర్ రగ్బీలో, అంటే న్యూజీలాండ్, ఆస్ట్రేలియా జట్లు ఆడే లీగ్‌లో చేరింది. ఇప్పుడు హోమ్ మ్యాచ్‌లు ఫిజీ రాజధాని సువాలో, లౌటోకాలో ఆడుతుంది. 1903 తర్వాత మద్రాసు ఓడల్లో మన ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి కూలీలుగా వెళ్లినవాళ్లు చెరకు పండించిన దేశం అదే. లౌటోకా చక్కెర మిల్లు ఊరు. ఆ ఊళ్లోనే 2023లో డ్రువా 25-24తో క్రూసేడర్స్‌ను, అంటే ఆ లీగ్‌లో అత్యధిక టైటిళ్లు గెలిచిన జట్టును ఓడించింది. జీతం ఇచ్చే జట్టు ఇంటి దగ్గరే ఉంటే కుర్రాడు పదిహేడేళ్లకే విమానం ఎక్కాల్సిన పని లేదు. ఆ ఏడాది ప్రపంచకప్‌లో క్వార్టర్ ఫైనల్ చేరిన ఫిజీ జట్టులో దాదాపు సగం మంది డ్రువా వాళ్లే.

సమోవా, టోంగాలకు ఆ అదృష్టం లేదు. వాళ్ల పేరుమీద పెట్టిన మొవానా పసిఫికా జట్టుకు స్థావరం న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్. ఫిజీ కష్టాలూ తీరలేదు. 2026లో మొదలయ్యే నేషన్స్ ఛాంపియన్‌షిప్‌లో ఆ దేశానికి చోటిచ్చారు గానీ, వేల్స్, ఇంగ్లండ్, స్కాట్లండ్‌లతో ఫిజీ ఆడే జూలై 'హోమ్' మ్యాచ్‌లను కార్డిఫ్, లివర్‌పూల్, ఎడిన్‌బరోలకు కేటాయించారు. సువాలో స్టేడియం చిన్నది, బ్రిటన్‌లో ఆడితే ఆదాయం ఎక్కువ అన్నది కారణం. ఆ లెక్క నాకు అర్థమవుతుంది. కానీ పర్యటనకు వెళ్లిన జట్టుకు టికెట్ల ఆదాయంలో వాటా ఇచ్చే నియమం ఏనాడో పెట్టి ఉంటే, ఆ డబ్బుతో సువాలోనే స్టేడియాన్ని పెంచుకునేవాళ్లు. ఆట నియమాలు నిర్ణయించే ప్రపంచ రగ్బీ కౌన్సిల్‌లో పెద్ద దేశాలకు తలా మూడు ఓట్లున్న రోజుల్లో, 2018 దాకా ఫిజీకి, సమోవాకు సొంత చోటే లేదు. ఆ వాటా గురించి గట్టిగా అడిగే ఓటు వాళ్లకు లేకపోయింది.

ఇక మీరు అడగండి.