బూస్ట్ పెంచే ముందు వేడి సంగతి చూడండి

అందరికీ నమస్కారం.

టర్బో అంటే ఎగ్జాస్ట్ వాయువులతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం. బయటి గాలి పీడనం కంటే అది ఎంత ఎక్కువ పీడనం ఇస్తుందో అదే బూస్ట్, దాన్ని బార్లలో కొలుస్తారు. టర్బో కారు కొన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న, "బూస్ట్ ఎంతవరకు పెంచొచ్చు?" అని. ఈ ప్రశ్నకు ఇంజిన్ ఏదో కూడా కనుక్కోకుండా ఒక అంకె చెప్పేవాళ్లను నమ్మకండి. 1 బార్ ఒక ఇంజిన్‌కు తేలిక, ఇంకో ఇంజిన్‌ను చంపేస్తుంది. బూస్ట్ పెరిగితే వేడి పెరుగుతుంది. దాన్ని తట్టుకునే శక్తి ఈ ఇంజిన్‌లో ఇంకెంత మిగిలుంది? అసలు అడగాల్సింది అది.

సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చురుక్కుమంటుంది కదా, టర్బోలోనూ జరిగేది అదే. 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) 30 డిగ్రీల గాలిని 0.6 బార్ బూస్ట్‌కి నొక్కితే ఆ గాలి 90 డిగ్రీలు దాటుతుంది. 1 బార్‌కి నొక్కితే సుమారు 125. మే నెలలో 42 డిగ్రీల ఎండలో మొదలుపెడితే 140. ఆ వేడిని ఇంటర్‌కూలర్, అంటే గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటి భాగం, తీసేయాలి. తీయలేకపోతే నాకింగ్ మొదలవుతుంది. ప్లగ్గు అంటించిన మంట చేరకముందే మూలన మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగేది ఎక్కువగా ఇలాంటి దెబ్బలకే.

నాక్ సెన్సర్ ఉంది కదా అంటారు. ఉంది. నాకింగ్ వినబడగానే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. అప్పుడు పవర్ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, ఆ వేడంతా టర్బో మీద పడుతుంది. మీటర్‌లో బూస్ట్ ఎక్కువ, చక్రాల దగ్గర పవర్ అంతే! అందుకే ముందు ఇంటర్‌కూలర్, మంచి ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఉన్న పెట్రోలు చూసుకోండి. బూస్ట్ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి.

మన రోడ్ల మీద బాగా కనబడే ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ తీసుకోండి. మొదట్లో వచ్చిన 1.2 లీటర్ ఇంజిన్‌ది 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. దానికున్న డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ తట్టుకునే టార్క్ హద్దు 250 న్యూటన్ మీటర్లు. రీమ్యాప్‌తో, అంటే ఈసీయూలోని సెట్టింగుల పట్టిక (మ్యాప్) మార్చడంతో, టార్క్ ఆ హద్దు దగ్గరకు చేరిందంటే ఇంజిన్ ఓర్చుకున్నా క్లచ్ ఓర్చుకోదు. ఇలాంటి చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లకు ఇంకో గండం కూడా ఉంది. 2000 ఆర్‌పీఎం చుట్టుపక్కల ఫుల్ బూస్ట్ ఇస్తే స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకోవచ్చు. ఆ పేలుడు ఒక్కసారి జరిగినా పిస్టన్ పోవచ్చు. కాబట్టి కింది ఆర్‌పీఎంలో టార్క్‌ను మెల్లగా పెరగనివ్వండి, ఏపీఐ ఎస్పీ (ఇంజిన్ ఆయిల్ నాణ్యత ప్రమాణం, డబ్బా మీద రాసుంటుంది) ప్రమాణానికి సరిపడే, కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్ వాడండి.

బూస్ట్ మితిమీరకుండా ఎగ్జాస్ట్‌ను పక్కకు వదిలే తలుపు వేస్ట్‌గేట్, దాన్ని కదిలించేది యాక్చువేటర్. ఆ యాక్చువేటర్ రాడ్డు బిగించడం, దానికి బూస్ట్ గాలి తెచ్చే గొట్టంలో చిన్న వాల్వు పెట్టడం చవకే. కానీ బూస్ట్ ఎంత పెరగాలో ఈసీయూ అనుకున్నది ఒకటి, జరిగేది ఒకటి అవుతుంది. ఆ గొట్టం ఊడితే బూస్ట్‌కు పగ్గం ఉండదు. బూస్ట్ హద్దు దాటినప్పుడు ఈసీయూ పెట్రోలు ఆపేస్తోందని (ఫ్యూయల్ కట్), గాలి పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్‌ను మోసం చేసే పరికరాలు అసలే పెట్టొద్దు. ఇంజిన్‌ను కాపాడే చివరి తలుపు ఆ ఫ్యూయల్ కట్టే.

హైదరాబాద్ వాళ్లకో మాట. మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడి గాలి పీడనం దాదాపు 0.95 బార్. విశాఖలో వచ్చినంత గాలి ఇక్కడ రావాలంటే టర్బో మరింత వేగంగా తిరగాలి.

ఇక పని మొదలుపెట్టేటప్పుడు కంప్రెషన్ పరీక్ష, గొట్టాల లీకేజీ పరీక్ష చేయించండి. కొత్త ప్లగ్గులు ఒక మెట్టు చల్లటి రకం వేసి, గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉంచండి. తర్వాత డైనో (కారును నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద 0.1 బార్ చొప్పున పెంచండి, పబ్లిక్ రోడ్డు మీద వద్దు. ప్రతి మెట్టులో స్పార్క్ ఎంత వెనక్కి పోయింది, లోపలికెళ్లే గాలి వేడి, ల్యాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ల కొలత, 1 కంటే తక్కువైతే పెట్రోలు పాలు ఎక్కువని), రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే పెట్రోలు పీడనం) లాగ్ చేయండి. ఫుల్ లోడ్‌లో ల్యాంబ్డా 0.8 దగ్గర ఉండాల్సిన మ్యాప్‌లో అది పైకి జారుతున్నా, రైల్ ప్రెషర్ పడిపోతున్నా ఇంధనం చాలడం లేదని అర్థం. వెంటనే కాలు తీసేయండి. పవర్ పెరగడం ఆగిపోయి వేడి మాత్రమే పెరుగుతుంటే, ఒక మెట్టు కిందికి దిగి మ్యాప్ అక్కడే లాక్ చేయండి.