గస్తీకి మిగిలేది ఎందరు?

శ్రోతలకు నమస్కారం.

పోలీసు నియామకాల ప్రకటన వెలువడినప్పుడల్లా పత్రికల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది మొత్తం పోస్టుల సంఖ్య. చేరినవారిలో ఎంతమంది చివరికి ఒక వీధిలో నడుస్తూ కనబడతారన్నది మాత్రం ఎవరూ అడగరు. ఖాళీలు భర్తీ కావాలనీ, ఠాణాలకు నిధులు పెరగాలనీ గట్టిగా కోరేవారిలో నేనూ ఉన్నాను. అయితే ఈ రెండో ప్రశ్న వేయకుండా మొదటి కోరిక ఒక్కటే కోరితే డబ్బు ఖర్చవుతుంది గాని వీధిలో మార్పు రాదని నా అభిప్రాయం.

ముందుగా ఒక చిన్న లెక్క. ఠాణాలో ఫిర్యాదులు తీసుకునే బల్ల దగ్గర రాత్రింబవళ్ళు ఒక మనిషి ఉండాలనుకుందాం. వారానికి 168 గంటలు. ఒక్కొక్కరు వారానికి 40 గంటలు పనిచేస్తే ఆ ఒక్క కుర్చీకే నలుగురు చాలరు. వారి సెలవులు, జబ్బులు, శిక్షణ, సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు వెళ్ళే రోజులు కలుపుకుంటే ఐదుగురు అవసరమవుతారు. అంటే ఐదుగురిని కొత్తగా చేర్చుకుంటే, ఏ వేళ చూసినా అదనంగా కనబడేది ఒక్కరే. ఇక ఖైదీలను కోర్టుకు తీసుకువెళ్ళే ఎస్కార్టు, సభలకూ ఊరేగింపులకూ బందోబస్తు, సమన్లు అందజేయడం, కేసుల వివరాలు కంప్యూటరులోకి ఎక్కించడం, ఇవన్నీ పోగా గస్తీకి ఎందరు మిగులుతారో ఊహించుకోవచ్చు. సిబ్బంది తగ్గినప్పుడు మొట్టమొదట కోత పడేది గస్తీకే. ఖైదీని సమయానికి హాజరుపరచకపోతే న్యాయమూర్తి అడుగుతారు, బందోబస్తుకు మనిషిని పంపకపోతే పై అధికారి అడుగుతారు, వీధిలో ఎవరూ తిరగకపోతే ఆ రోజుకారోజు అడిగే నాథుడు లేడు.

గస్తీ అన్నంత మాత్రాన సరిపోదు, అది ఎలాంటి గస్తీ అన్నది కూడా చూడాలి. అమెరికాలోని కాన్సస్ సిటీలో 1972-73లో ఒక ప్రయోగం చేశారు. 15 బీట్లను, అంటే ఒక్కొక్క గస్తీ బృందానికి అప్పగించిన ప్రాంతాలను, మూడు వర్గాలుగా విడదీసి, ఐదింటిలో కారు గస్తీ ఆపేసి పిలుపు వచ్చినప్పుడు మాత్రమే వెళ్ళారు, ఐదింటిలో ఎప్పటిలాగే తిరిగారు, మిగిలిన ఐదింటిలో గస్తీని రెండు మూడు రెట్లు పెంచారు. ఏడాది గడిచాక చూస్తే నేరాల్లో గాని, జనానికున్న భయంలో గాని చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. గస్తీ పెరిగిందో తగ్గిందో అక్కడివారు గమనించనైనా లేదు. అదే దశాబ్దం చివర్లో అమెరికాలోనే న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఆర్క్ నగరంలో కాలినడక గస్తీని పరిశీలించారు. అక్కడ కూడా నేరాల లెక్క పెద్దగా తగ్గలేదు గాని, పోలీసు నడుస్తున్నాడన్న సంగతి జనం గుర్తించారు, వారి భయం తగ్గింది, పోలీసుల మీద సదభిప్రాయం పెరిగింది.

నేరం తగ్గనప్పుడు ఇదంతా కంటితుడుపే కదా అని వాదించేవారున్నారు. ఆ వాదన తీసిపారేయదగ్గది కాదు గాని, నాకు సగమే నిజమనిపిస్తుంది. భయం తగ్గిన వీధిలో అలికిడి వినబడితే తలుపు తీసి చూసే మనిషి ఉంటాడు, చూసింది చూసినట్టు చెప్పే మనిషి ఉంటాడు. 1975లో అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ డిటెక్టివ్‌ల పనితీరును పరిశీలించినప్పుడు, కేసు తేలుతుందా లేదా అన్నది ప్రధానంగా బాధితులు మొదట వచ్చిన పోలీసుకు ఇచ్చే సమాచారం మీదనే ఆధారపడి ఉందని తేలింది. ముఖం తెలిసిన కానిస్టేబులుకు చెప్పినంత తేలికగా ఆ సమాచారాన్ని అపరిచితుడికి చెప్పరు.

జపాన్‌లో కోబాన్ అనే చిన్న పోలీసు చౌకీల వ్యవస్థ ఈ పరిచయం మీదనే నడుస్తుంది. దారి తప్పినవారికి దారి చెప్పడం, పోయిన వస్తువులు తీసుకొని భద్రపరచడం, ఇంటింటికీ వెళ్ళి క్షేమసమాచారాలు కనుక్కోవడం అక్కడి పోలీసుల దినచర్య. పల్లెల్లోనైతే చౌకీలోనే అధికారి కుటుంబంతో సహా నివసించే పద్ధతి ఉంది. కేరళలో 2008లో మొదలైన జనమైత్రి సురక్షా పథకంలో కూడా బీటు అధికారి ఇళ్ళకు వెళ్ళి పరిచయం చేసుకోవడమే మొదటి మెట్టు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. పోలీసు గుమ్మంలో నిలబడి ఇంట్లో ఎవరెవరున్నారని అడిగి రాసుకుంటే, గతంలో పోలీసుల వల్ల బాధపడ్డ కుటుంబానికి అది స్నేహంలా కాక నిఘాలా తోస్తుంది. ఏమి రాసుకుంటున్నారో, ఎందుకు రాసుకుంటున్నారో, ఎవరు చూస్తారో ముందే చెప్పాలి, చెప్పడం ఇష్టం లేదన్నవారిని వదిలిపెట్టాలి.

నియామకాల్లో తొందర కూడా ప్రమాదమే. బ్రిటన్ హోంమంత్రి రాబర్ట్ పీల్ 1829లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసును నెలకొల్పినప్పుడు, తొలి ఏళ్ళలో చేరిన కానిస్టేబుళ్ళలో చాలామందిని తాగుడు కారణంగా తొలగించవలసి వచ్చింది. మన కాలానికి వస్తే, ఇంగ్లండ్, వేల్స్‌లలో 2010 తరువాత ఖర్చు తగ్గింపు పేరుతో సుమారు 20,000 మంది పోలీసు అధికారులు తగ్గిపోయారు. 2019లో మళ్ళీ 20,000 మందిని చేర్చుకుంటామని ప్రభుత్వం ప్రకటించి, 2023 మార్చి నాటికి ఆ సంఖ్యను చేరుకుంది. తలల లెక్క కుదిరింది, అనుభవం లెక్క కుదరలేదు. కొత్తగా చేరినవారి పక్కన నిలబడి, గొడవలో గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో చూపించే పాతవారు వెళ్ళిపోయాక, ఆ పని ఏ తరగతి గదిలో నేర్పుతారు?

వనరుల మాటకొస్తే, కొత్త వాహనాన్ని ప్రారంభించడానికి రిబ్బను కత్తిరించేవారు చాలామంది దొరుకుతారు, దాని టైర్లు మార్చే రోజున ఒక్కరూ రారు. ఇంధనం, మరమ్మతులు, సాక్ష్యాధారాలు భద్రపరిచే గది, మహిళా సిబ్బందికి శుభ్రమైన మరుగుదొడ్డి, విశ్రాంతి గది, ముందుగా తెలిసిన డ్యూటీ వేళలు, ఇవే నా దృష్టిలో అసలు వనరులు. కంప్యూటరు పనికి పౌర ఉద్యోగులను తీసుకుంటే, నెలల తరబడి శిక్షణ పొందిన కానిస్టేబులు కీబోర్డు వదిలి బీటుకు వెళ్ళగలుగుతాడు.

అలా వెళ్ళిన మనిషిని కనీసం రెండు మూడేళ్ళు అక్కడే ఉంచాలి. బీటులో జరిగే సమావేశం పోలీసు ఉపన్యాసంతో మొదలవకూడదు. కిందటిసారి జనం చెప్పినవాటిలో ఏవి జరిగాయి, ఏవి జరగలేదు, ఎందుకు జరగలేదన్నది చదవడంతో మొదలవాలి. వీధి దీపం వెలగడం లేదన్న ఫిర్యాదు పోలీసు పరిధి కాకపోయినా, దాన్ని సంబంధిత శాఖకు పంపిన తేదీ ఆ కాగితం మీద ఉండాలి. ఇక బీటు అధికారి ఫోన్ నంబరు ఆయన సొంతది కాకుండా బీటు పేరనే ఉండాలి. బదిలీ మీద ఆయన వెళ్ళిపోయినా, ఆ తరువాత వచ్చినవారు అదే నంబరుకు పలకాలి.