దానం సొమ్ము, స్టార్టప్ లెక్క: రాజమహేంద్రవరం స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. విరాళాలను స్టార్టప్ పెట్టుబడిలా చూడొచ్చా అన్నది ఇవాళ్టి చర్చ. సార్, ఫలితం తేలని పనికి డబ్బెందుకివ్వాలి?

ఇన్వెస్టర్: తేలిన పనులకు దాతలు దొరుకుతారండి. అన్నదానం ఆగదు, కళ్లజోళ్లూ ఆగవు. తేలని పనులే అనాథలు. కొత్త కంపెనీలకు తొలి పెట్టుబడి ఇచ్చే అమెరికా సంస్థ వై కాంబినేటర్ వందలాది కంపెనీల్లో డబ్బు పెట్టింది. 2012 నాటికి వాటి మొత్తం విలువలో దాదాపు ముప్పావు వంతు రెండే కంపెనీలది: డ్రాప్‌బాక్స్, ఎయిర్‌బీఎన్‌బీ. ఆ రెండూ ఏవో ముందే తెలియదు కాబట్టే అన్నింటిలో పెట్టారు.

ట్రస్టు నిర్వాహకురాలు: అంత దూరం ఎందుకండీ, మన వరి చాలదా? ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల విరాళంతో 1960లో ఫిలిప్పీన్స్‌లో వరి పరిశోధన సంస్థ పెట్టారు. 1962లో రకాన్ని రకంతో కలిపి 38 సంకరాలు చేస్తే, ఎనిమిదో దాంట్లోంచి ఎక్కువ దిగుబడినిచ్చే ఐఆర్-8 వరి వచ్చింది. 1967లో మన ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు పండించి చూపించారు. తర్వాత మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ రకం వచ్చింది.

కౌలు రైతు: ఆయ్, బాగానే ఉందండి. కానీ ఆ ఫలించని సంకరాలన్నీ పోయింది పరిశోధన మడిలోనండి. నాది కౌలు చేను. పంట పోయినా భూమి గలాయనకి బస్తాలు కొలవాలి. 2011లో కోనసీమలో పంట వేయకుండా పంట విరామం ప్రకటించామంటే సరదాకి కాదు గదండీ.

యాంకర్: అంటే ప్రయోగం వద్దంటారా?

కౌలు రైతు: వద్దనడం లేదమ్మా. నష్టం ఎవరి మీద పడుతుందో ముందే తేల్చమంటున్నాను.

ట్రస్టు నిర్వాహకురాలు: ఈయన చెప్పిందే అసలు తేడా. సార్ కంపెనీ మునిగితే సార్ డబ్బు పోతుంది. మా ప్రయోగం చెడితే ఊళ్లోవాళ్ల కాలం, పంట, నమ్మకం పోతాయి. ఇంకోటి, సరుకు బాగోకపోతే కొనేవాడు మానేస్తాడు. ఊరికే ఇచ్చినదాన్ని బాగోలేదనడానికి మన జనానికి మొహమాటం. శివారు గ్రామంలో మంచినీటి ప్లాంటు పెడతారు, ప్రారంభోత్సవం ఘనంగా జరుగుతుంది. ఫిల్టర్ మార్చడానికి మాత్రం ఏ దాతా రాడు. అందుకే మనమే వెళ్లి కొలవాలి, అడగాలి.

ఇన్వెస్టర్: ఒప్పుకుంటాను. కొలిచాక ఆపే ధైర్యం కూడా కావాలి. బంగ్లాదేశ్‌లో పనుల్లేని నెలల్లో పేదలు పట్నం వెళ్లడానికి ఎవిడెన్స్ యాక్షన్ సంస్థ చిన్న అప్పులిచ్చేది. చిన్న ప్రయోగాల్లో ఫలితం బాగుంది, పెద్దగా చేస్తే కనిపించలేదు. 2019లో కార్యక్రమాన్ని మూసేసి, కారణాలు బహిరంగంగా చెప్పారు. నాకు ఆ సంస్థ మీద గౌరవం పెరిగింది. మన దగ్గర విఫలమైన పనిని నివేదికలోంచి తీసేస్తారు. పక్క మండలంలో మరొకరు అదే చేసి, మళ్లీ నష్టపోతారు.

యాంకర్: మరి డెల్టాలో మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

ఇన్వెస్టర్: ముంపును తట్టుకునే రకాలతో. ముందు కొద్ది ఎకరాలు, కొద్ది డబ్బు. ఏ ఫలితం వస్తే కొనసాగిస్తామో, ఏది రాకపోతే ఆపేస్తామో మొదటే కాగితం మీద పెడతాను.

కౌలు రైతు: ఆ కాగితంలో కౌలు బస్తాల సంగతి కూడా రాయండి.

ట్రస్టు నిర్వాహకురాలు: రాస్తామండీ. పంట పోతే కౌలు ట్రస్టు కడుతుంది.

కౌలు రైతు: అయితే దాళ్వాలో, అంటే రబీలో కాదు, సార్వాలో, ఖరీఫ్‌లో వేయించండి. మురుగు కాలువలు పొంగి చేలు మునిగేది అప్పుడే.