చేప ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగకండి

చేప ముల్లు గొంతులో గుచ్చుకోగానే ఇంట్లో పెద్దవాళ్ళు ఉత్త అన్నం ముద్ద చేసి నమలకుండా మింగమంటారు. లేదంటే అరటిపండు తినమంటారు. దయచేసి ఆ పని చేయకండి. సన్న ముల్లు అలా జారిపోతే జారిపోవచ్చు. గట్టి ముల్లో, మటన్ బొమిక ముక్కో అయితే ముద్ద దాన్ని ఇంకా లోతుకు దించేస్తుంది. పైగా కడుపు నిండుగా ఉంటే, ముల్లు తీయడానికి మత్తిచ్చినప్పుడు తిన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ముల్లు చాలాసార్లు టాన్సిల్ దగ్గరో, నాలుక మొదట్లోనో ఉంటుంది. ఈఎన్‌టీ డాక్టర్ అక్కడికక్కడే తీసేస్తారు. అక్కడ కనబడలేదు, మింగితే మెడ కిందో ఛాతీలోనో పోటు వస్తోంది అంటే అన్నవాహికను అనుమానించాలి. ఎక్స్‌రే బాగుందని ఇంటికెళ్ళిపోవద్దు, చేప ముల్లు అందులో తరచూ కనబడదు. సీటీ స్కాన్ చేస్తే ముల్లుతో పాటు గోడకు చిల్లు పడిందా, పక్కనున్న బృహద్ధమనికి (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళానికి) ముల్లు ఎంత దగ్గరగా ఉందీ తెలుస్తుంది. ఎక్స్‌రేలో తెల్లగా కనబడే బేరియం మందు మాత్రం తాగించకూడదు, ఎండోస్కోప్‌కి (నోట్లోంచి లోపలికి పంపే కెమెరా గొట్టానికి) దారి కనబడదు.

అన్నవాహికలో మొనదేలిన వస్తువు ఉంటే వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 6 గంటల్లోపు తీయాలని యూరప్ ఎండోస్కోపీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉమ్మి కూడా మింగలేకపోతున్నా అదే గడువు.

తీసేటప్పుడు అసలు చిక్కు ఏమిటంటే, ముల్లు సాధారణంగా అడ్డంగా ఉంటుంది, రెండు మొనలూ చెరో గోడలో దిగి. అలాగే పట్టి లాగితే రెండు వైపులా చీరుకుపోతుంది. అందుకే స్కోప్ చివర పారదర్శకమైన క్యాప్ తొడుగుతారు. అది గోడల్ని కాస్త ఎడంగా జరుపుతుంది. తక్కువ లోతు దిగిన మొనను ముందు విడిపించి, ర్యాట్ టూత్ ఫోర్సెప్స్‌తో (ఎలుక పళ్ళలాంటి కొసలున్న పట్టుకారుతో) పట్టి, ముల్లును నిలువుగా తిప్పి క్యాప్‌లోకి లాక్కుంటారు. మొన వెనకవైపు ఉంటే గీరుకోదు. పొరపాటున మింగిన, తీగ కొక్కేలున్న కట్టుడు పళ్ళయితే క్యాప్‌లో పట్టవు, వాటికి ఓవర్‌ట్యూబ్ (స్కోప్ మీద తొడిగే వెడల్పాటి గొట్టం) వాడాలి.

తీశాక స్కోప్‌తో ఆ చోటును మళ్ళీ చూడాల్సిందే. తర్వాత జ్వరం, ఛాతీనొప్పి వచ్చినా, మెడ చర్మం నొక్కితే చిటపటలాడినా చిల్లు పడిందని అనుమానించి వెంటనే సీటీ తీయాలి.

ఒక్కటి అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు: ముల్లు గుచ్చుకున్న కొన్ని రోజులకు కొంచెం రక్తం కక్కుకుని ఆగిపోవడం. అది అన్నవాహిక నుంచి బృహద్ధమనికి దారి పడిన సూచన కావచ్చు. అప్పుడు ముందు సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) చేయాలి, పక్కన రక్తనాళాల సర్జన్ ఉండాలి. ఆ తర్వాతే ముల్లు మీద చెయ్యి వేయాలి.