అక్రిలిక్ అంచు అద్దంలా రావాలంటే: సెట్టింగుల కన్నా ముందు షీట్ సంగతి

(దృశ్యం: నల్ల గుడ్డ పరిచిన బల్ల. దాని మీద రెండు అక్రిలిక్ ముక్కలు.)

నమస్కారమండి. ఈ రెండు ముక్కలూ చూడండి. రెండూ 3 మిల్లీమీటర్ల పారదర్శక అక్రిలిక్. లేజర్ మెషీన్ ఒకటే, పవర్ ఒకటే, స్పీడ్ ఒకటే. రెండిటి మీదా మన కొండారెడ్డి బురుజు బొమ్మే చెక్కాను. ఎడమ ముక్క మీద బురుజు పాలమీగడలా తెల్లగా తేలింది. కుడి ముక్క మీద బొమ్మ ఉందని, వెలుతురుకు వంచి చూస్తే గానీ తెలియదు.

కర్నూలులో మా షాపుకు వచ్చే పిల్లలు మొదట అడిగేది ఒకటే. "అన్నా, నీ సెట్టింగులు చెప్పన్నా." చెప్తాను. కానీ ముందు నేనడిగే మాట ఇది: షీట్ ఏది తెచ్చినావు?

అక్రిలిక్ రెండు రకాలుగా తయారవుతుంది. ద్రవాన్ని రెండు గాజు పలకల మధ్య పోసి గట్టిపడనిస్తే అది క్యాస్ట్. గుళికల్ని కరిగించి, మెషీన్ నుంచి పలకలా సాగదీస్తే ఎక్స్‌ట్రూడెడ్. చెక్కినప్పుడు తెల్లగా వచ్చేది క్యాస్ట్. ఎక్స్‌ట్రూడెడ్ ధర తక్కువ, మందం అంతటా ఒకేలా ఉంటుంది, కోసిన అంచు నిగనిగలాడుతుంది. కానీ త్వరగా మెత్తబడి జిగురు కడుతుంది, చెక్కితే తెల్లబడదు. క్యాస్ట్‌కూ ఒక లోపం ఉంది. 3 మిల్లీమీటర్లని కొన్న షీట్ ఒక మూల కాస్త పలచగా, ఇంకో మూల కాస్త మందంగా ఉండొచ్చు. గాడిలో ఇమిడే పని ఉంటే కాలిపర్‌తో కొలవకుండా ఫైల్ గీయకండి.

కొట్టులో అడిగితే రకం సరిగ్గా చెప్తారని నమ్మకం లేదు. మూలలో 1 సెంటీమీటర్ చదరం చెక్కి చూడండి. తెల్లబడితే క్యాస్ట్. ఒక్క నిమిషం పని.

(దృశ్యం: ఎర్రగా కాలిన రాగి తీగ. మంట ఆకుపచ్చగా మారుతుంది.)

ఇది మాత్రం వీడియో ఆపి మరీ వినండి. పేరు తెలియని షీట్‌ను మెషీన్‌లో పెట్టకండి. సైన్‌బోర్డు పనిలో వాడే ఫోమ్ షీట్లు, వినైల్ స్టిక్కర్లు చాలావరకు పీవీసీ. లేజర్ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులను పాడు చేస్తుంది, మెషీన్‌లో ఇనుప భాగాలను తుప్పు పట్టిస్తుంది. అనుమానం వస్తే ఆరుబయట రాగి తీగను ఎర్రగా కాల్చి, షీట్‌కు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టే, ఆ షీట్ పక్కన పెట్టేయండి.

ఆన్‌లైన్‌లో చిన్న నీలం లేజర్ కొన్నవాళ్లకు ఒక మాట. ఆ కాంతి తరంగదైర్ఘ్యం 450 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. పారదర్శక అక్రిలిక్‌లోంచి, కిటికీ అద్దంలోంచి ఎండ పోయినట్టు పోతుంది. నల్లది కోయొచ్చు, ఇది కోయలేరు. దీనికి 10.6 మైక్రాన్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ కావాలి.

ఇక కటింగ్. లేజర్ తగిలిన చోట అక్రిలిక్ ఆవిరైపోతుంది. పక్కన పలచటి పొర కరిగి, సాఫీగా పరుచుకుని గట్టిపడుతుంది. అంచుకు అద్దం లాంటి మెరుపు ఆ పొర వల్లే. కోత మీదికి మెషీన్ ఊదే గాలి గట్టిగా కొడితే ఆ పొర పరుచుకోకముందే చల్లబడి, అంచు గరుకుగా, మబ్బుగా వస్తుంది. అలాగని గాలి పూర్తిగా ఆపేస్తే ఆ ఆవిరికే మంట అంటుకుంటుంది. లెన్స్‌కు పొగ పట్టకుండా, మంట లేవకుండా ఉండేంత చాలు. కోస్తున్నంత సేపూ మెషీన్ పక్కనే ఉండాలి. టీకి కూడా వెళ్లొద్దు.

నా 60 వాట్ల లేజర్ ట్యూబ్‌లో 3 మిల్లీమీటర్లకు 65 శాతం పవర్, సెకనుకు 15 మిల్లీమీటర్లు. మీ ట్యూబ్ వయసు వేరు, మీ లెన్స్ వేరు, కాబట్టి ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. వేస్ట్ ముక్క మీద చిన్న వలయాలు కోస్తూ స్పీడ్ తగ్గించుకుంటూ రండి. ముక్క దానంతట అది రాలిపడే స్పీడ్ దొరికితే, అక్కణ్ణుంచి ఇంకాస్త తగ్గించండి. రెండుసార్లు వేగంగా పోనిచ్చేకన్నా ఒక్కసారి నిదానంగా కోస్తేనే అంచు బాగుంటుంది. కింద జాలీకి తగిలిన కాంతి వెనక్కి కొట్టి మచ్చలు పెడుతుంది. షీట్‌ను నాలుగు మొలల మీద పైకి లేపండి, కింది కాగితం ఒలవకండి.

(దృశ్యం: కంప్యూటర్ తెర మీద "శ్రీనివాస నిలయం".)

తెలుగు అక్షరాలు కోసేవాళ్లకు ఇంగ్లీషు వీడియోల్లో దొరకని చిక్కు ఇది. "స" చూడండి. తలకట్టు ఒంటికి అంటుకోదు. కోశాక అది విడి ముక్కై రాలిపోతుంది. "శ్రీ" కింద వత్తు కూడా కొన్ని ఫాంట్లలో అంతే. కాబట్టి వెనక ఒక పలక వేసి అతికించాలి, లేదా సన్నటి వంతెన గీయాలి. డీటీపీలో వాడే అనూ ఫాంట్లలో కంపోజ్ చేస్తే కొన్ని గుణింతపు గుర్తులు విడిగా వచ్చి అక్షరం మీద పడతాయి. వాటిని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వెల్డ్ చేసి ఒకే గీతగా మార్చకపోతే, లేజర్ ఆ గీతలన్నిటి మీదా నడిచి అక్షరం మెడ కోసేస్తుంది.

చెక్కడం, కోయడం రెండూ ఉంటే ముందు చెక్కండి. కోసిన ముక్క జరుగుతుంది. చెక్కేటప్పుడు కింది నుంచి పైకి వెళ్లమని మెషీన్‌కు చెప్పండి. ఎగ్జాస్ట్ వెనక ఉంటే, చెక్కగా లేచే తెల్లటి పొడి చెక్కిన చోట కాకుండా ఇంకా చెక్కని చోట పడుతుంది. కింద లైటు పెట్టే దీపాలకైతే బొమ్మను తిరగేసి వెనక వైపు చెక్కండి. ముందు వైపు నున్నగా ఉంటుంది.

ఎండాకాలం మాట. మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది. ట్యూబ్‌ను చల్లబరిచే నీటిని, ఫ్యాన్‌తో నడిచే చిల్లర్ గది వేడి కన్నా కిందికి దించలేదు. ట్యూబ్ వేడెక్కి పవర్ పడిపోతుంది, ఉదయం తెగిన షీట్ మధ్యాహ్నం తెగదు. కంప్రెసర్ ఉన్న చిల్లర్ తీసుకోండి.

(దృశ్యం: క్లోజప్. ఒక పాత నేమ్‌ప్లేట్ అంచు, పక్కనుంచి టార్చి వెలుతురు.)

చివరగా ఇది చూడండి. రెండేళ్ల కిందట గృహప్రవేశానికి చేసిన నేమ్‌ప్లేట్. కోత అద్దంలా వచ్చింది. ఇచ్చేముందు వేలిముద్రలు పోవాలని శానిటైజర్‌తో తుడిచాను. అరగంటలో అంచు నుంచి వెంట్రుకల్లాంటి గీతలు లోపలికి పాకాయి. ఇదిగో, ఈ మూల దగ్గర అన్నిటికన్నా పొడుగ్గా ఉన్నాయి. లేజర్ వేడికి అంచులో బిగుతు మిగిలిపోతుంది. స్పిరిట్, థిన్నర్, శానిటైజర్ తగిలితే ఆ బిగుతు పగుళ్లుగా బయటపడుతుంది. క్లోరోఫాంతో అతికించేటప్పుడూ ఇదే జరుగుతుంది. ఓవెన్ ఉన్నవాళ్లు 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నిదానంగా చల్లారనిస్తే ఆ బిగుతు చాలావరకు పోతుంది. మిగతావాళ్లకు నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సోపు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

ఆ నేమ్‌ప్లేట్ రాత్రికి రాత్రి మళ్లీ కోసి ఇచ్చాను. అప్పటి నుంచి ప్రతి డబ్బాలో ఒక చీటీ పెడుతున్నాను: "తడిగుడ్డతోనే తుడవండి. స్పిరిట్ వద్దు."