మందుపై పుట్టే యాంటీబాడీలను ముందే పసిగట్టగలమా?

సభాధ్యక్షులకు, వైద్య మిత్రులకు, ఫార్మసీ విద్యార్థులకు నమస్కారం.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ నాడీతంతువులను కప్పి ఉండే మైలిన్ పొరపైనే దాడి చేస్తుందని మీకు తెలుసు. ఆ దాడిని అదుపు చేసేందుకు ఇచ్చే, జీవకణాల్లో తయారయ్యే బయోలాజిక్ మందులు ప్రోటీన్లు కావడంతో, కొందరిలో అదే వ్యవస్థ మందును కూడా పరాయిదిగా ఎంచి దానికి విరుగుడుగా యాంటీబాడీలను తయారుచేస్తుంది. అప్పుడు ఇంజెక్షన్లు పడుతూనే ఉంటాయి, డబ్బు ఖర్చవుతూనే ఉంటుంది, మందు మాత్రం పనిచేయదు. ఆ సంగతి చాలాసార్లు వ్యాధి తిరగబెట్టాకే బయటపడుతుంది. దెబ్బతిన్న నాడి పూర్తిగా కోలుకుంటుందన్న భరోసా లేని ఈ వ్యాధిలో అంత ఆలస్యాన్ని మనం ఒప్పుకోకూడదు.

ఈ వ్యాధికి 1993లో అమెరికాలో అనుమతి పొందిన ఇంటర్ఫెరాన్ బీటా-1బి మందును బ్యాక్టీరియాలో తయారుచేస్తారు. దానికి మన శరీరంలో సహజంగా పుట్టే ఇంటర్ఫెరాన్‌కు ఉండే చక్కెర గొలుసులు ఉండవు, అణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టే గుణం ఎక్కువ. క్షీరద కణాల్లో తయారయ్యే మరో రకం, బీటా-1ఎతో పోలిస్తే దీనిపై యాంటీబాడీలు ఎక్కువమందిలో పుట్టడానికి ఇదొక ముఖ్య కారణం. బీటా-1ఎలో కూడా వారానికోసారి కండరంలోకి ఇచ్చే రకం కంటే వారానికి మూడుసార్లు చర్మం కిందికి ఇచ్చే రకంలో ఈ సమస్య ఎక్కువ. అంటే రోగి శరీర తత్వం సంగతి చూడకముందే మందు తయారీ, ఇచ్చే పద్ధతి సగం కథ చెప్పేస్తాయి.

ఇదే వ్యాధికి వాడే మరో బయోలాజిక్ మందు నటాలిజుమాబ్‌పై రెండేళ్లు సాగిన అఫర్మ్ అనే క్లినికల్ పరీక్షలో 9 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి; 6 శాతం మందిలో మాత్రమే అవి తగ్గకుండా కొనసాగాయి. మందు ప్రభావం తగ్గడం, ఎక్కించేటప్పుడు రియాక్షన్లు రావడం ప్రధానంగా ఈ రెండో వర్గంలోనే కనిపించాయి. అందుకే ఒక్క పాజిటివ్ ఫలితం చూసి మందు మానిపించడం తొందరపాటు. కనీసం ఆరు వారాల ఎడంతో రెండోసారి పరీక్షించాలి.

ఇక రోగి వైపు చూద్దాం. మందు ప్రోటీన్ ముక్కలను రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలకు చూపించేవి కణాలపై ఉండే హెచ్ఎల్ఏ అణువులు; వీటి రకం జన్యువులను బట్టి మనిషికీ మనిషికీ మారుతుంది. జర్మనీ రోగులలో డీఆర్‌బీ1*04:01, 04:08 అనే హెచ్ఎల్ఏ జన్యురకాలకు, ఇంటర్ఫెరాన్‌పై యాంటీబాడీలకు సంబంధం కనిపించింది. పొగతాగేవారిలో ఇంటర్ఫెరాన్, నటాలిజుమాబ్ రెండింటిపైనా యాంటీబాడీలు ఎక్కువని స్వీడన్ పరిశోధకులు చూపారు. అయితే ఆ జన్యురకం ఉన్నవారందరిలో యాంటీబాడీలు పుట్టవు కాబట్టి, దాన్నిబట్టి ఎవరికీ మందు నిరాకరించడం న్యాయం కాదు. ఎవరిని, ఎప్పుడు, ఎంత తరచుగా పరీక్షించాలో నిర్ణయించడానికే ఈ అంచనా పనికిరావాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

మన దగ్గర ఈ ప్రశ్న రిటుక్సిమాబ్ అనే బయోలాజిక్ మందు విషయంలో మరింత ముఖ్యం. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దీని బయోసిమిలర్‌ను, అంటే మూల మందుకు దాదాపు సమానమైన రూపాన్ని, తెచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ మందును మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. ఇందులో కొంత భాగం ఎలుక ప్రోటీన్ కావడం వల్ల, మానవ రూపానికి దగ్గర చేసిన ఒక్రెలిజుమాబ్ అనే మందు కంటే దీనిపై యాంటీబాడీలు పుట్టే అవకాశం ఎక్కువ. హెచ్ఎల్ఏ రకాల పంపిణీ జనసమూహాన్ని బట్టి మారుతుంది గనుక, ఐరోపాలో తేలిన గుర్తులను ఇక్కడ పరీక్షించకుండా వాడుకోలేం. మొదటి డోసుకు ముందే రక్త నమూనా భద్రపరచి, మందు బ్రాండు, బ్యాచ్ నంబరు, పొగ అలవాటు, ప్రతి డోసుకు వచ్చిన రియాక్షన్ కేసుషీట్లో రాసే పద్ధతిని మన నాడీవైద్య విభాగాలన్నీ వెంటనే మొదలుపెట్టాలని కోరుతున్నాను.