మలావీ పల్లెలో మిషన్ క్లినిక్: ఒక రోజు ఎలా గడుస్తుంది?

[తెరపై: తెల్లవారుజాము. ఎర్రమట్టి దారి, రెండు పక్కలా మొక్కజొన్న చేలు. బిడ్డల్ని వీపుకి గుడ్డతో కట్టుకుని నడిచి వస్తున్న తల్లులు.]

ఆఫ్రికాలో మిషన్ ఆసుపత్రి అనగానే మనకి విదేశీ డాక్టరు గుర్తొస్తాడు. మలావీలో చాలా పల్లె క్లినిక్‌లలో ఆ డాక్టరు ఉండడు. అక్కడ పని నడిపేది క్లినికల్ ఆఫీసర్లు (డిప్లొమా చదివి వైద్యం చేసేవాళ్ళు), నర్సులు, ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తలు. దాదాపు అందరూ ఆ దేశం వాళ్ళే. వాళ్ళ రోజుని శాసించేది దూరం. రోగి ఎంత దూరం నడిచి వచ్చాడు, మళ్ళీ రాగలడా లేదా, దాన్ని బట్టే మందూ మాటా. ఈ వీడియోలో అదే చూద్దాం.

[తెరపై: మలావీ మ్యాప్. దేశం పొడుగునా సరస్సు.]

ముందు కాస్త చరిత్ర. స్కాట్లాండ్ నుంచి లివింగ్‌స్టోనియా మిషన్ ఇక్కడికి వచ్చింది 1875లో. ఆ బృందంలోనే రాబర్ట్ లాస్ అనే డాక్టరు ఉన్నాడు. 1966లో కాథలిక్, ప్రొటెస్టెంట్ ఆసుపత్రులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. ఇప్పుడు దాని పేరు క్రిస్టియన్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ మలావీ. క్లుప్తంగా చామ్ అంటారు. దేశంలోని వైద్యసేవల్లో దాదాపు మూడో వంతు వీళ్ళవే, అదీ ఎక్కువగా పల్లెల్లో.

[తెరపై: వరండాలో బెంచీలు, నేల మీద కూర్చున్న జనం. పాట.]

పొద్దున మొదటి పని ప్రార్థన. గుంటూరు కుగ్లర్ మిషన్ ఆసుపత్రి లాంటివి చూసి పెరిగినవాళ్ళకి ఈ వాతావరణం కొత్తేమీ కాదు. చిచేవా భాషలో పాట ఎత్తుకుంటారు, సిబ్బందితో పాటు రోగులూ గొంతు కలుపుతారు. ముస్లిం కుటుంబాలూ అక్కడే కూర్చుంటాయి, వైద్యం అందరికీ ఒకటే. తర్వాత ఒక నర్సు లేచి దోమతెర గురించో, తాగే నీళ్ళ గురించో నాలుగు మాటలు చెబుతుంది.

అలా మాట్లాడుతూనే ఆమె వరుసంతా కళ్ళతో గాలిస్తుంటుంది. మెడ వాల్చేసిన బిడ్డ కనిపిస్తే చాలు, మాట ఆపి వెళ్ళి ఎత్తుకొస్తుంది. రాత్రి బయల్దేరి వచ్చిన తల్లి వరుసలో ఆఖరున కూర్చుని ఉండొచ్చు. నోరు తెరిచి అడగదు. అందుకే వెతకాల్సింది నర్సే.

[తెరపై: చేతిలో మడతలు పడ్డ చిన్న పుస్తకం.]

ఇది హెల్త్ పాస్‌పోర్ట్. మన ఓపీ చీటీలా ఒక్కరోజుది కాదు. టీకాలు, బరువు, పాత జ్వరాలు, కాన్పులు అన్నీ ఇందులోనే రాస్తారు, ఇంటికి తీసుకెళ్ళి దాచుకునేది రోగే. ఇంకో క్లినిక్‌కి వెళ్ళినా ఇదే చూపిస్తారు. కంప్యూటరు లేని చోట ఇంతకన్నా మంచి పద్ధతి నాకైతే తోచడం లేదు.

[తెరపై: దగ్గరగా, చిన్న వేలు, రక్తపు చుక్క, తెల్లటి టెస్ట్ కిట్.]

వానలు నవంబరులో మొదలవుతాయి. అక్కణ్ణుంచి ఏప్రిల్ దాకా, ఆ తర్వాత కొన్నాళ్ళూ మలేరియా కాలం. జ్వరమని వచ్చిన ప్రతి బిడ్డకీ వేలు గుచ్చి ఒక చుక్క రక్తం కిట్ మీద వేస్తారు. పావుగంట ఆగితే ఫలితం. రెండు గీతలు వస్తే మలేరియా ఉన్నట్టు.

మందు పేరు ఆర్టిమీథర్-లూమిఫాంట్రిన్. అక్కడ అందరూ ఎల్‌ఏ అంటారు. మూడు రోజుల్లో ఆరు మోతాదులు. ఖాళీ కడుపున వేస్తే ఒంటికి సరిగ్గా పట్టదు, కాబట్టి తల్లిపాలో, జావో, ఏదో ఒకటి పట్టాలి. మొదటి మోతాదు నర్సు కళ్ళముందే. మాత్ర నీళ్ళలో కలిపి చెంచాతో పోస్తారు. బిడ్డ కక్కేస్తుందేమోనని అరగంట అక్కడే కూర్చోబెడతారు. కక్కితే మళ్ళీ పోస్తారు. ఇంటికెళ్ళాక కక్కితే మళ్ళీ అంత దూరం ఎవరు తీసుకొస్తారు? రెండో మోతాదు ఎనిమిది గంటల తర్వాత. ఇంట్లో గడియారం లేదంటే, పొద్దు ఎక్కడున్నప్పుడు వేయాలో ఆకాశంలోకి చేయెత్తి చూపిస్తారు.

ఫిట్స్ వచ్చినా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా, స్పృహ తప్పినా మాత్రలతో పని లేదు. ఆర్టిసునేట్ సూది. రక్తం మరీ తగ్గిపోతే ఎక్కించాలి, చిన్న క్లినిక్‌లో ఆ వసతి ఉండదు. సూది ఇచ్చి పెద్దాసుపత్రికి పంపాలి. వానకి దారి బురదైపోయిన రోజు ఆంబులెన్స్ కోసం చూసే ఆ గంటలే ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైనవని నేననుకుంటాను.

[తెరపై: బిడ్డ జబ్బకి చుట్టిన రంగుల టేపు.]

మలేరియా కాలమే కరువు కాలం కూడా. పాత మొక్కజొన్న గాదెలో అయిపోతుంది, కొత్త పంట ఏప్రిల్ దాకా చేతికి రాదు. అందుకే జ్వరమని వచ్చిన బిడ్డ జబ్బకీ టేపు చుడతారు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకి తగ్గితే తీవ్ర పోషకాహార లోపం. వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన పొట్లాలు ఇచ్చి పంపుతారు.

[తెరపై: ఆవరణ వెనక కట్టెల పొయ్యిలు, పొగ, పెద్ద గిన్నెలు.]

వార్డు వెనకాల ఇంకో ఊరు ఉంటుంది. రోగికి తోడు వచ్చినవాళ్ళంతా అక్కడే. మొక్కజొన్న పిండితో గట్టిగా సంకటిలా వండే న్సీమా గిన్నెల్లో తెడ్డు తిప్పుతూ, బట్టలు ఉతుకుతూ, పక్కవాళ్ళ బిడ్డని కూడా ఆడిస్తూ ఉంటారు. రోగికి అన్నం పెట్టేది, ఒళ్ళు తుడిచేది, రాత్రి నర్సుని పిలిచేది వీళ్ళే. జీతం తీసుకునే సిబ్బంది పట్టికలో వీళ్ళ పేర్లుండవు గానీ, వీళ్ళు లేకపోతే వార్డు ఒక్కపూట నడవదు.

పక్కనే గర్భిణులు ఉండే గది. నెలలు నిండకముందే వచ్చి, కాన్పయ్యే దాకా ఇక్కడే ఉంటారు. పిండీ, గిన్నే, గుడ్డలూ వెంట తెచ్చుకుంటారు. నొప్పులు మొదలయ్యాక నడవలేని దూరాన్ని ముందే నడిచి వచ్చేయడమన్న మాట.

[తెరపై: ఆపరేషన్ గది తలుపు. చేతులు కడుక్కుంటున్న యువకుడు.]

క్లినికల్ ఆఫీసరంటే ఎంబీబీఎస్ కాదు. మూడేళ్ళ డిప్లొమా, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మలావీలో మెడికల్ కాలేజీ మొదలైందే 1991లో. అప్పటిదాకా డాక్టర్లయ్యేవాళ్ళు దేశం దాటి వెళ్ళి చదవాల్సి వచ్చేది. ఆ లోటు పూడ్చింది వీళ్ళే. జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో సిజేరియన్లు కూడా ఎక్కువగా వీళ్ళే చేస్తారు. 'డాక్టర్లు లేరు కాబట్టి సర్దుకుంటున్నారు' అనే మాట నాకు నచ్చదు. ఆ పని నేర్చుకుని, ఏళ్ళ తరబడి చేసి చేయి తిరిగినవాళ్ళు వాళ్ళు.

[తెరపై: క్యాష్ కౌంటరు కిటికీ.]

ఇక డబ్బు సంగతి. మలావీలో సర్కారు ఆసుపత్రిలో వైద్యం ఉచితం. మిషన్ క్లినిక్‌లో ఫీజు ఉంటుంది, మందులకీ జీతాలకీ అందులోంచే కొంత సర్దాలి. మరి మీ ఊరికి దగ్గర్లో ఉన్నది మిషన్ క్లినిక్ ఒక్కటే అయితే? చేతిలో డబ్బు లేని తల్లి దాన్ని దాటుకుని ఇంకా ముందుకి నడవాలి, లేదా ఇంట్లోనే ఉండిపోవాలి. అందుకే ప్రభుత్వం, చామ్ కలిసి ఒప్పందాలు చేసుకున్నాయి. ఒప్పందం ఉన్న చోట కాన్పులూ, పసిబిడ్డల వైద్యమూ ఉచితం, ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. ఫీజు తీసేసిన చోట్ల కాన్పుకి వచ్చేవాళ్ళు పెరిగారు. కానీ బిల్లులు నెలల తరబడి నిలిచిపోతే క్లినిక్ అప్పుల్లో పడుతుంది, ఒప్పందం ఆగుతుంది, కౌంటరు దగ్గర ఫీజు మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు ముందుగా ఖాళీ అయ్యేది గర్భిణుల గదే.